మారీచుడి మీద జాలి ఎంతవరకు?

సులభాః పురుషా రాజన్ సతతం ప్రియవాదినః
అప్రియస్య తు పథ్యస్య వక్తా శ్రోతా చ దుర్లభః

రాజా, ఎప్పుడూ ఇంపుగా మాట్లాడేవాళ్లకు కొదవ లేదు. చేదుగా ఉన్నా మేలు చేసే మాట చెప్పేవాడూ, దాన్ని వినేవాడూ దొరకడమే కష్టం. ఈ శ్లోకం అనగానే చాలామందికి విభీషణుడే గుర్తొస్తాడు. యుద్ధకాండలో అతను అన్నదీ నిజమే. కానీ అంతకు ఎంతో ముందు, అరణ్యకాండలో, ఇదే మాట రావణుడి ముఖాన చెప్పినవాడు మారీచుడు.

అప్పటికి అతను దెబ్బలు తిని ఉన్నాడు. విశ్వామిత్రుడి యాగం దగ్గర రాముడి అస్త్రానికి నూరు యోజనాల అవతల సముద్రంలో పడ్డాడు. దండకలో మృగరూపంతో మళ్లీ మీదికి వెళితే తోడొచ్చిన రాక్షసులిద్దరూ చచ్చారు, తను తప్పించుకున్నాడు. ఆ తర్వాత నారచీరలు కట్టి, జడలు పెంచి తాపసిగా బతుకుతున్నాడు. చెట్టు చెట్టులోనూ రాముడే కనిపిస్తున్నాడని, రత్నం, రథం లాంటి రకారపు మాటలు వింటేనే వణుకు పుడుతోందని తనే చెప్పుకున్నాడు. భయంతోనైనా ఇంత రామస్మరణ ఎవరు చేశారని పౌరాణికులు మురిసిపోయేది ఇక్కడే.

సీతను ఎత్తుకుపోవడానికి బంగారు జింకగా మారి సాయపడితే అర్ధరాజ్యం ఇస్తానన్నాడు రావణుడు, కాదంటే ఇప్పుడే చంపుతానన్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎలాగూ చావు తప్పనప్పుడు శత్రువు చేతిలో చావడమే నయమనుకుని రథం ఎక్కాడు. ఇక్కడ జాలిపడని వాళ్లు ఉంటారా? విభీషణుడిలా లేచి వెళ్లిపోవచ్చు కదా అనడం సులువు. రావణుడు తమ్ముణ్ణి తిట్టి ఊరుకున్నాడు. మారీచుడికి ఆ మాత్రం దారి కూడా వదల్లేదు.

బంగారు మేను, వెండి చుక్కలు, మణుల్లాంటి కొమ్ముల కొనలు. లేత చిగుళ్లు కొరుకుతూ సీత కంటపడేలా అటూ ఇటూ తిరిగాడు. అడవిలోని మిగతా జింకలు దగ్గరికొచ్చి వాసన చూసి చెల్లాచెదురుగా పారిపోయాయి. సీతారాములను మాయ చేసిన ఆ రూపం జింకల ముక్కును మాత్రం మోసం చేయలేకపోయింది! వాల్మీకి ఈ చిన్న సంగతి వదలకుండా చెప్పడం నాకెంతో ఇష్టం.

నా జాలి ఆగిపోయేది ఆ తర్వాత. బాణం గుండెల్లో దిగింది. తాటిచెట్టంత ఎత్తు ఎగిరి నేలకూలాడు, జింక రూపం పోయింది. ఇక రావణుడు చేయగలిగింది ఏమీ లేదు. చంపుతానన్న బెదిరింపు చచ్చిపోతున్నవాడి మీద పనిచేయదు. నోరు మూసుకుని కన్నుమూస్తే సరిపోయేది. కానీ ఆ స్థితిలో కూడా అతను రావణుడి మాట తలచుకున్నాడు, సీత లక్ష్మణుణ్ణి పంపేలా ఏం చేయాలా అని ఆలోచించాడు అంటాడు వాల్మీకి. ఆలోచించి, అచ్చం రాముడి గొంతుతో "హా సీతా! హా లక్ష్మణా!" అని అరిచాడు.

రథం ఎక్కించింది భయమే అనుకుందాం. ఈ కేక మాత్రం అతని సొంతం. హితం చెప్పిన నోటితోనే ఆఖరి అబద్ధమూ ఆడాడు. అది విని సీత లక్ష్మణుణ్ణి అనరాని మాటలంది, కుటీరం ఒంటరిదైంది.

రాముడి చేతిలో పోతే ముక్తి అని తెలిసే వెళ్లాడని అధ్యాత్మ రామాయణం చెబుతుంది. ముక్తి దొరికిందంటే నాకు పేచీ లేదు, ఇచ్చేవాడు రాముడు. దాన్ని మారీచుడి భక్తికి ఫలమని ప్రవచనాల్లో చెబుతుంటే మాత్రం, ఆ భక్తి కేక పెట్టేటప్పుడు ఎక్కడికి పోయిందని అడగాలనిపిస్తుంది.