గుండ్లకమ్మ వెంట ఒక పూట

మే నెల, శనివారం. గిద్దలూరులో పొద్దున్నే బావ బండెక్కి రాచర్ల మీదుగా నెమలిగుండ్ల రంగనాయకస్వామి దగ్గరికి పోయాం. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ గుండంలో దిగేది అక్కడే. నీళ్లు చల్లగా ఉన్నాయి, పులిహోర బాగుంది. దర్శనం సంగతి అంతే.

తిరిగొస్తూ కొండవాలున ఒక చేను దగ్గర బండి ఆపించాను. మోకాలెత్తున నరికిన మొదళ్లు, వాటి మధ్య కోసేసిన కంది మోళ్లు. మొన్న రాత్రే గాలివాన పడింది. గట్టు అవతల చెట్ల కింద ఆకుచెత్తను కాలితో తోస్తే మట్టి ఇంకా తడిగా ఉంది. ఇవతల చేలో నేల పెంకు కట్టింది. పలుగురాళ్లు ఒక్కోటీ వేలెడెత్తు మట్టి దిమ్మె మీద కూర్చున్నాయి. రాయి గొడుగు పట్టినంత మేర మట్టి నిలిచింది, చుట్టూ ఉన్నది వానకు కొట్టుకుపోయింది.

"అడివి నరికి కాల్చిన కొత్తలో కంది ఎట్ట కాసిందనుకున్నావు నాయనా! అంతా బూడిద బలం," అన్నాడు అక్కడున్న పెద్దాయన. "ఇప్పుడు ఎరువు బస్తాలు మోయలేక నడుం పడిపోతా ఉంది." పట్టా ఉందా అంటే నవ్వి ఊరుకున్నాడు. 2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్నవాళ్లకే వర్తిస్తుంది. గిరిజనులు కానివాళ్లయితే మూడు తరాలుగా అక్కడే ఉన్నట్టు చూపాలి. ఆయన మీద కోపం రాలేదు నాకు. కింద ఊళ్లో బోరు ఎండినవాడు పైకి కాక ఎక్కడికి పోతాడు?

మధ్యాహ్నానికి కంభం చెరువు. కొండల నడుమ కట్ట వేసి గుండ్లకమ్మనూ జంపలేరునూ ఆపిన విజయనగర కాలపు చెరువు. వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటారు. 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపొచ్చింది. కట్ట ఎక్కేదాకా బావ ఆ గొప్పే చెప్పాడు. నా చూపు మాత్రం నీళ్లు వెనక్కి తగ్గిన చోట బీటలు వారిన ఒండ్రు మీదే ఉంది. అడివి ఆపని మట్టి ఏటితో పాటు దిగొచ్చి చెరువులోనే పడుకుంటుంది. అది పేరుకున్నకొద్దీ నీళ్లకు చోటు తగ్గుతుంది, ఆయకట్టు చివరి మళ్లకు తడి అందదు.

అంచున ట్రాక్టర్లు ఆ ఒండ్రునే ఎత్తుకుంటున్నాయి, చేలకు తోలడానికి. ట్రక్కులోంచి రాలిన గడ్డ ఒకటి చేతికి తీసుకుని నలిపాను. పిండిలా రాలింది, మధ్యలో చిన్న బొగ్గు పెళ్ల.

బావ అప్పటికే డ్రైవరుతో బేరంలో పడ్డాడు, "మా చేను దాకా ట్రక్కుకు ఎంత తీసుకుంటావబ్బాయ్?" అంటూ.