నాన్నగారి వెన్నెముక ఆపరేషన్

నాన్నగారి వెన్నెముకకు శస్త్రచికిత్స నిర్ణయమైనప్పుడు మా భయమంతా స్క్రూలు, రాడ్ల గురించే ఉండగా, సర్జన్‌గారు మాత్రం ఎక్కువసేపు మాట్లాడింది గాయానికి ఇన్ఫెక్షన్ రాకుండా చూడటం గురించే. లోహపు అమరికల మీద బ్యాక్టీరియా పొరలా పేరుకుంటే యాంటీబయోటిక్స్ దానిలోకి సులువుగా చొరబడలేవని, అందుకే కోతకు ముందు 60 నిమిషాల లోపు సెఫజోలిన్ అనే యాంటీబయోటిక్ ఇచ్చి, ఆపరేషన్ 4 గంటలు దాటితే మరో మోతాదు ఇస్తామని ఆయన వివరించారు. వీపు మీది వెంట్రుకలను రేజరుతో గీయరట. కంటికి కనబడని గాట్లు పడతాయి కాబట్టి, అవసరమైతే క్లిప్పరుతోనే కత్తిరిస్తారు. షుగరు అదుపులోకి వచ్చేవరకు తేదీని వాయిదా వేయడం ఇంట్లో కొందరికి నచ్చలేదు గానీ, అధిక గ్లూకోజు తెల్లరక్తకణాల పనితీరును దెబ్బతీస్తుందని విన్నాక నాకది సరైన నిర్ణయమే అనిపించింది. ఆపరేషన్ అయింది, ప్రస్తుతం కుట్ల దగ్గర ఎరుపు, వాపు, స్రావం ఉన్నాయేమోనని రోజూ గమనిస్తున్నాము.