డెలె బీ1: స్పానిష్ భూతకాలం తెలుగులోంచి అర్థమైన కథ

స్పానిష్ భాషా పరీక్ష డెలెలో మధ్య స్థాయి అయిన బీ1 మొదటిసారి రాసినప్పుడు నేను పాసవలేదు. వినడం, మాట్లాడడం ఉన్న గ్రూపు గట్టెక్కింది. చదవడం, రాయడం ఉన్న గ్రూపులో 50కి 30 రావాలి, నాకు అంతకు తక్కువ వచ్చాయి. రెండు గ్రూపుల్లోనూ విడివిడిగా 30 వస్తేనే ‘ఆప్తో’ (పాస్) అని ఇస్తారు. ఒకదాంట్లో మిగిలిన మార్కులు ఇంకోదానికి కలపరు. ఎక్కడ పోయిందో పరీక్ష హాల్లోనే తెలిసిపోయింది. వ్యాసం రాస్తూ ప్రతి క్రియ దగ్గరా ఆగిపోయాను: ఇది ఇందెఫినీదోనా (పని ముగిసిపోయినట్టు చెప్పే భూతకాలం), ఇంపెర్ఫెక్తోనా (జరుగుతూ ఉన్నట్టో అలవాటుగానో చెప్పే భూతకాలం)?

రాత పరీక్షకి గంట టైమిస్తారు. అందులో ఒక ఉత్తరానికి జవాబు, తర్వాత 130 నుంచి 150 పదాల వ్యాసం రాయాలి. వ్యాసంలో మన అనుభవం ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది, అంటే భూతకాలం తప్పదు. చదివే పేపర్లో ఐదో టాస్క్‌లోనూ ఆరు ఖాళీలు, ఒక్కోదానికి మూడు ఆప్షన్లు ఉంటాయి, అక్కడా ఇదే గొడవ ఎదురవుతుంది. అందుకే బీ1 రాసేవాళ్ళు మిగతా వ్యాకరణం కంటే దీనికి ఎక్కువ రోజులు ఇవ్వండి అని అడుగుతున్నాను.

మొదటిసారి నేను చదివింది ఒక పట్టిక. ‘ఆయేర్’ అంటే నిన్న, అది కనిపిస్తే ఇందెఫినీదో. ‘సియెంప్రె’ అంటే ఎప్పుడూ, అది కనిపిస్తే ఇంపెర్ఫెక్తో. చాలామంది ఇలాగే మొదలుపెడతారు, బీ1 కంటే కింది స్థాయి ఏ2 వరకు పర్వాలేదు కూడా. కానీ ‘నిన్న నేను బయటికి వచ్చేసరికి చలిగా ఉండింది’ అనడానికి ‘ఆయేర్, క్వాందొ సాలీ, అసీఆ ఫ్రీఓ’ అంటారు, నిన్న అన్న మాట ఉన్నా అది ఇంపెర్ఫెక్తోనే. ఇంతకంటే నన్ను దెబ్బతీసింది ఇంకో సూత్రం: ఎక్కువ కాలం సాగితే ఇంపెర్ఫెక్తో అని. అది నమ్మి ‘చెన్నైలో మూడేళ్ళు ఉన్నాను’ అన్నదాన్ని ఇంపెర్ఫెక్తోలో ‘బిబీఆ’ అని రాశాను. మూడేళ్ళు అని లెక్క కట్టి మూసేసిన కాలం అది, కాబట్టి ఇందెఫినీదోలో ‘బిబీ’ అని రాయాలి. ముప్ఫై ఏళ్ళయినా ‘బిబీ’యే. కాలం ఎంత పొడవన్నది కాదు విషయం. దాన్ని బయట నిలబడి మొత్తంగా చూస్తున్నామా, లోపల నిలబడి జరుగుతూ ఉండగా చూస్తున్నామా అన్నదే చూడాలి.

ఈ మాట నా నోట్సులో ఇంగ్లీషులో ఉంది. పదిసార్లు చదివాను, ఎక్కలేదు. ఇంగ్లీషులో ‘వెంట్’ అన్న ఒక్క మాటే ‘వెళ్ళాను’కీ ‘వెళ్ళేదాన్ని’కీ సరిపోతుంది మరి. ఒక రాత్రి అక్క కూతురిని పడుకోబెడుతూ ఏడు చేపల కథ చెప్తున్నాను. అనగనగా ఒక రాజు ఉండేవాడు. ఒకరోజు ఆయన కొడుకులు వేటకి వెళ్ళారు, ఏడు చేపలు తెచ్చారు. చెప్తూ చెప్తూ ఆగిపోయాను. ‘ఉండేవాడు’ అంటే ‘అబీఆ’. ‘వెళ్ళారు’ అంటే ‘ఫుఎరోన్’. కథకి ముందు రంగం పరిచేది ఒక రూపం, కథని కదిలించేది ఇంకో రూపం. స్పానిష్ పిల్లలకి చెప్పే కథ కూడా ‘అబీఆ ఊన బేస్ ఉన్ రేయ్’ అనే మొదలవుతుంది. ఇన్నాళ్ళూ ఇంగ్లీషులో వెతికింది నా నోట్లోనే ఉంది కదా అనిపించి, పాప నిద్రపోయాక లేచి మళ్ళీ పుస్తకం తీశాను.

ఆ రాత్రి నుంచి ప్రతి వాక్యాన్నీ ముందు తెలుగులో అనుకున్నాను. ‘అక్కడ ఉండేదాన్ని’ అని వస్తే బిబీఆ, ‘అక్కడ మూడేళ్ళు ఉన్నాను’ అని వస్తే బిబీ. బీ1 వాళ్ళని బాగా భయపెట్టే అర్థం మారే క్రియలు కూడా ఇలా అనుకుంటే తేలిపోయాయి. ‘సూపె’ అంటే నాకు తెలిసింది, ‘సబీఆ’ అంటే నాకు అప్పటికే తెలుసు. ‘కొనొసీ’ అంటే పరిచయమైంది, ‘కొనొసీఆ’ అంటే అప్పటికే పరిచయం ఉంది. ‘తూబె కె ఇర్’ అంటే వెళ్ళాల్సి వచ్చింది, వెళ్ళాను కూడా. ‘తెనీఆ కె ఇర్’ అంటే వెళ్ళాల్సి ఉండింది, వెళ్ళానో లేదో ఆ మాటలో లేదు. ‘నో కెరీఆ ఇర్’ అంటే నాకు వెళ్ళాలని లేదు. ‘నో కీసె ఇర్’ అంటే వెళ్ళనన్నాను. ఇన్ని తేడాలు మనం రోజూ ఆలోచించకుండానే పలుకుతున్నాం.

అయితే తెలుగుని పూర్తిగా నమ్ముకుని నేను పడ్డ చోట్లు కూడా ఉన్నాయి. ‘నేను బయటికి వచ్చేసరికి వాన పడుతోంది’ అంటాం. జరిగిపోయిన సంగతైనా మనం ‘పడుతోంది’ అని వర్తమానంలో చెప్తాం. దాన్ని అలాగే దించితే ‘యుఏబె’ అవుతుంది, అది తప్పు. ‘క్వాందొ సాలీ, యొబీఆ’ అనాలి. మాక్ టెస్టుల్లో ఈ తప్పు నేను ఎన్నిసార్లు చేశానో! ఇంకోటి, మన వాక్యాల్లో క్రియే ఉండదు చాలాచోట్ల. ‘అప్పుడు నాకు పదేళ్ళు’, ‘ఇల్లు చిన్నది’, ‘టైమ్ మూడు’. స్పానిష్‌లో క్రియ పెట్టాలి, ఇలా వయసు, వర్ణన, గడియారం టైమ్ చెప్పేటప్పుడు దాన్ని ఇంపెర్ఫెక్తోలో పెట్టాలి: తెనీఆ, ఎరా, ఎరాన్.

పెర్ఫెక్తో అని ఇంకో భూతకాల రూపం ఉంది, దాని సంగతి వేరు, అక్కడ తెలుగు సాయం చేయదు. ‘తిన్నాను’ అన్న ఒక్క మాటకే స్పెయిన్‌లో ఈ పొద్దున్న తింటే ‘ఎ కొమీదొ’, నిన్న తింటే ‘కొమీ’. లాటిన్ అమెరికాలో చాలాచోట్ల రెండింటికీ ‘కొమీ’ అనేస్తారు. డెలెలో ఏ ప్రాంతపు స్పానిష్ అయినా ఒప్పుకుంటారు, కానీ ఒకే పేపర్లో రెండూ కలిపేయకండి. నేను స్పెయిన్ పద్ధతినే పట్టుకున్నాను.

ఇంపెర్ఫెక్తో రూపాల గురించి టెన్షన్ వద్దు. వాటిలో దారి తప్పే క్రియలు సెర్ (ఉండు), ఇర్ (వెళ్ళు), బేర్ (చూడు) మూడే. కష్టమంతా ఇందెఫినీదోలో ఉంది, ఆ రూపాలని బట్టీ పట్టాల్సిందే. రాసేటప్పుడు అచ్చు మీద గీత మర్చిపోకండి. గీత లేకపోతే ‘ఆబ్లొ’, నేను మాట్లాడతాను. చివర గీత ఉంటే ‘అబ్లో’, అతను మాట్లాడాడు. ఒక్క గీతతో కాలమూ మారింది, మనిషీ మారాడు. వినే పేపర్లో కూడా ఈ తేడా పట్టుకోవాలి.

చివరి నలభై రోజులు రోజుకో వ్యాసం రాశాను. రాశాక పెన్సిల్‌తో ఇంపెర్ఫెక్తోల కింద అలలాంటి గీత, ఇందెఫినీదోల కింద తిన్నని గీత గీసేదాన్ని. పేజీ అంతా అలలే ఉంటే కథ కదలలేదని అర్థం. అన్నీ తిన్నని గీతలే ఉంటే చుట్టూ ఏముందో చెప్పలేదని అర్థం. రెండోసారి పరీక్షలో పెన్సిల్ గీతలకి టైమ్ లేదు, కానీ వ్యాసం నలభై నిమిషాల లోపే అయిపోయింది. మిగిలిన టైమంతా అచ్చుల మీద గీతలు సరిచూసుకున్నాను. రెండు చోట్ల మర్చిపోయి ఉన్నాను, పెట్టాను.