కంచెకు ఇవతలి చేను

మా కదిరి వైపు నుంచి పావగడ వెళ్లేవాళ్లు చాలావరకు శని మహాత్ముడి గుడికే వెళ్తారు. మేమూ అందుకే బయల్దేరాం. హిందూపురం దాకా మా ఆవిడకు జీరో టికెట్. అక్కడ ఎక్కిన బస్సు రాష్ట్రం దాటేది కాబట్టి ఇద్దరికీ డబ్బులే. ఆ బాధ ఆమెకు గుడి క్యూలో నిలబడ్డా తీరలేదు. బయట నువ్వుల నూనె, నల్లగుడ్డ కలిపి అమ్మే రేటు గురించి రాస్తే శనీశ్వరుడికే కోపం రావచ్చు, వదిలేస్తాను.

దర్శనం అయ్యాక చిత్రాన్నం తింటూ, సోలార్ ప్లేట్లు చూసొద్దామని నేనే అన్నాను. ఎన్‌పీ కుంట దగ్గర మాకు కొంచెం మెట్ట ఉంది. అక్కడ 2016 నుంచీ సోలార్ ప్లాంటు నడుస్తోంది. పక్కన ప్లేట్లుంటే భూమికి రేటొస్తుందని తమ్ముడు, పోతుందని బావమరిది ఎప్పుడు కలిసినా వాదులాటే. బావమరిది ధైర్యానికి మూలం నార్త్ కరోలినాలో ఉన్న వాళ్లబ్బాయి. అక్కడి బర్క్‌లీ ల్యాబ్ అనే పరిశోధన సంస్థ వాళ్లు 2023లో అమెరికాలో ఆరు రాష్ట్రాల ఇళ్ల అమ్మకాలు పరిశీలించారు. పెద్ద సోలార్ ప్లాంటుకు అర మైలు లోపున్న ఇళ్లు, రెండు నుంచి నాలుగు మైళ్ల దూరంలో ఉన్నవాటికన్నా సగటున 1.5 శాతం తక్కువకు పోయాయని తేల్చారు. ఆ అబ్బాయి ఇది పంపినప్పటి నుంచి మా బావమరిదిని పట్టలేం.

పావగడ కర్ణాటకలో ఉందన్న మాటే గానీ, ఆటో బేరం మొత్తం తెలుగులోనే జరిగింది. సోలార్ పార్కున్న తిరుమణికి వెళ్లి రావడానికి ఎనిమిది వందలన్నవాడు ఏడొందలకు దిగాడు. ఊరు దగ్గరపడేసరికి రోడ్డుకు రెండు వైపులా ప్లేట్లే. ఐదు ఊళ్ల పొలాల్లో 13 వేల ఎకరాలు, 2,050 మెగావాట్లు. ఎన్‌పీ కుంటలో లాగా ఇక్కడ భూమి సేకరించలేదు, రైతుల దగ్గర కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21 వేలతో మొదలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు, 28 ఏళ్ల ఒప్పందం. వానే పడని సీమలో వేరుశనక్కాయ పెట్టి పెట్టుబడి పోగొట్టుకున్నవాడికి ఇది తక్కువేం కాదు.

అయితే అది కంచె లోపలివాడి లెక్క. టీ అంగడి దగ్గర కలిసిన పెద్దాయన బయటివాడు. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు రోడ్డు పక్క చేను కావాలని పట్టుబట్టి తీసుకున్నాడట. లోపలికి పోయిన తమ్ముడి చేనేమో ప్లేట్ల కిందికి వెళ్లింది.

"వాడికి ఏడాదేడాదీ బ్యాంకులో పడతాది. సంబంధాలోళ్లు వస్తే ముందు అడిగేది అదే సామీ, చేను కంచె లోపలుందా బయటుందా అని" అన్నాడు.

చేను చూపిస్తానని నడిపించుకుపోయాడు. ఇనుప జాలీ కంచె, దానికి ఇవతల అడుగు దూరంలోనే ఎండిన గెనెం, అంటే చేని గట్టు. కంచె అవతల ఒకతను ట్యాంకర్ పైపుతో ప్లేట్లు కడుగుతున్నాడు. మురికినీళ్లు కారి గెనెం దాకా వస్తే అక్కడ మాత్రం గడ్డి పచ్చగా మొలిచింది. చేను మధ్యలో పెద్ద టవర్, పైన కరెంటు తీగల గుంయ్‌మనే చప్పుడు. తీగల కింద చెట్టు పెంచకూడదు, ఇల్లు కట్టకూడదు. టవర్ దిగినప్పుడు ఒక్కసారి పరిహారం ఇచ్చారు, అంతే. కౌలు లేదు. గొర్రెలు తోలుకునే దారి కూడా కంచెలో కలిసిపోయిందని, చుట్టూ తిరిగి పోవాలని చెప్పాడు.

"రేటెంత ఉంది ఇప్పుడు?" అన్నాను.

"రేటుకేం, బాగానే చెప్తాండారు. పార్కు మళ్లీ పెంచుతారంట, మన చేను కూడా తీసుకుంటారంట అని అమ్మేవాడు అమ్మడు. టవరుందని కొనేవాడు కొనడు."

మా బావమరిది, తమ్ముడు ఇద్దరూ ఇక్కడ ఉండాల్సింది. అమెరికాలో ఇంటి కిటికీలోంచి ఏం కనబడుతుందో దానికీ ధర కడతారు. ఇక్కడ ఎవరికీ చూపుతో పని లేదు. రేపు కౌలు వస్తుందా రాదా, నెత్తిన తీగ ఉందా లేదా, అంతే. తన తప్పేం లేకుండా గీత ఇవతల మిగిలిపోయిన మనిషిని చూసి నాకెందుకో ఒళ్లు మండింది. పక్క చేలవాళ్లకు కూడా ఎంతో కొంత ఏటా ఇస్తే ఆ కంపెనీల లాభాలు కరిగిపోవు కదా!

పెద్దాయన మా వైపు ఎకరా ఎంతని అడిగాడు. చెప్పాను.

"అంతకే ఇచ్చేస్తా, కొంటావా సామీ?"

నవ్వాడో, నిజంగానే అడిగాడో అర్థం కాలేదు. ఆటో అతను హారన్ కొడుతుంటే వచ్చేశాం. వెయిటింగ్ కింద మరో వంద లాగాడు.

తిరుగు బస్సులో మా ఆవిడ రొద్దం దాకా ఆ వంద గురించే సణిగింది. ఆ తర్వాత కాసేపాగి, "ఆయనకు టవర్ లేని చేను ఇంకేమైనా ఉందేమో అడగాల్సింది" అంది.