ఫోలేట్ కొరతను కణం ఎలా పసిగడుతుంది?

నేను ప్రయోగశాలలో చేతులారా పెంచిన మొదటి కణాలు హీలా కణాలు. 1951లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో మరణించిన హెన్రియెట్టా లాక్స్ శరీరం నుంచి, ఆమె అనుమతి లేకుండానే సేకరించిన కణాల సంతతి అది. ఆ క్యాన్సర్‌కు కారణమయ్యే హ్యూమన్ పాపిలోమా వైరస్ (హెచ్‌పీవీ) రకాల్లో ఒకటైన హెచ్‌పీవీ-18 జన్యువులు వాటిలో నేటికీ పనిచేస్తూనే ఉన్నాయి. ఫ్లాస్కులో పోసిన గులాబీ రంగు పోషక ద్రవం రెండు మూడు రోజుల్లో పసుపు రంగుకు తిరిగితే, కణాలు ఆమ్లాన్ని వదులుతున్నాయని, ద్రవం మార్చే వేళయిందని తెలిసేది. ఒకనాడు ఆ ద్రవంలో ఉన్న పదార్థాల పట్టికను చదువుతుండగా ఫోలిక్ ఆమ్లం, అంటే ఫోలేట్ అనే బి విటమిన్ కృత్రిమ రూపం, దగ్గర నా చూపు ఆగిపోయింది. లీటరుకు 1 మిల్లీగ్రాము, అంటే గాఢతను కొలిచే ప్రమాణంలో దాదాపు 2,300 నానోమోలార్. మనిషి రక్తరసంలో ఫోలేట్ సాధారణంగా కొన్ని పదుల నానోమోలార్లకు మించదు. ఏ శరీరంలోనూ లేనంత సమృద్ధిలో పెరిగిన కణాలను చూసి, కొరత గురించి మనం ఏమి తెలుసుకోగలం?

డీఎన్‌ఏలోని నాలుగు అక్షరాల్లో ఒకటైన థైమిన్ తయారీకి కావలసిన ఒక కర్బన పరమాణువును అందించేది ఫోలేటే. అది చాలనప్పుడు థైమిన్ ఉండవలసిన చోట ఆర్‌ఎన్‌ఏకు చెందిన యురాసిల్ అనే అక్షరం చేరుతుంది; కణం ఆ తప్పును కత్తిరించి సరిదిద్దబోతుంది, మళ్లీ అక్కడ యురాసిలే చేరుతుంది, అలా డీఎన్‌ఏ పోగులు తెగుతాయి. వైరస్ డీఎన్‌ఏ మన క్రోమోజోములో జొరబడేది అటువంటి తెగిన చోట్లలోనే.

ఫోలేట్ కణంలోకి మూడు దారుల్లో చేరుతుంది. సాధారణ పరిస్థితుల్లో పనిచేసే వాహక ప్రొటీన్ ఒకటి, ఆమ్ల వాతావరణంలో చురుకుగా ఉండే వాహకం మరొకటి. మూడవది ఫోలేట్ గ్రాహకం ఆల్ఫా. కొవ్వు లంగరుతో కణత్వచానికి అతుక్కుని, నానోమోలార్ స్థాయిలో ఉన్న ఫోలేట్‌ను సైతం గట్టిగా పట్టుకుని లోపలికి తీసుకుపోతుంది. కొరత ఏర్పడినప్పుడు కణం ఈ గ్రాహకాన్నే ఎక్కువగా తయారుచేస్తుంది. ఎంత తయారుచేయాలన్న నిర్ణయంలో జన్యువు దగ్గర కాక, అప్పటికే సిద్ధంగా ఉన్న సందేశక ఆర్‌ఎన్‌ఏను (జన్యువు నకలును) ప్రొటీన్‌గా అనువదించే చోట జరిగేది చాలా ఉంది. పరిశోధకుడు అశోక్ ఆంటోనీ, ఆయన సహచరులు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణాలపై ఏళ్ల తరబడి చేసిన పనిలో నన్ను కట్టిపడేసిన అంశం ఇదే. గ్రాహకపు సందేశం మొదట్లో ఉన్న 18 అక్షరాల చిన్న భాగానికి హెచ్‌ఎన్‌ఆర్‌ఎన్‌పీ-ఈ1 అనే ప్రొటీన్ అతుక్కుంటే అనువాదం ఊపందుకుంటుంది. మరి కొరత ఉందని ఆ ప్రొటీన్‌కు చెప్పేదెవరు? హోమోసిస్టీన్ అనే అమైనో ఆమ్లం. ఫోలేట్ తగినంత ఉంటే అది మిథియోనీన్ అనే మరో అమైనో ఆమ్లంగా మారిపోతుంది; లేకపోతే కణంలో పేరుకుపోయి, ఈ ప్రొటీన్‌లోని సిస్టీన్ అమైనో ఆమ్లాల దగ్గర చేరి దాని ఆకృతిని మార్చి, ఆర్‌ఎన్‌ఏను పట్టే శక్తిని పెంచుతుంది. కొరత తన కబురును తానే పంపుకుంటున్నదన్నమాట. ఇంత పొదుపైన ఏర్పాటు జీవకణంలో నాకు మరెక్కడా కనిపించలేదు.

అయితే ఆ ప్రొటీన్ అతుక్కునేది ఒక్క గ్రాహకపు సందేశానికే కాదు. హెచ్‌పీవీ-16 పైతొడుగులోని ఎల్2 ప్రొటీన్ సందేశాన్ని కూడా అది పట్టుకుంటుంది, అక్కడ మాత్రం అనువాదాన్ని అణచివేస్తుంది. చర్మపు పొరల్లాగా పెంచిన కణజాలంలో ఫోలేట్ తగ్గించి చూసినప్పుడు వైరస్ తొడుగు ప్రొటీన్లు తగ్గాయని, కణపు జన్యు సంపదలోకి వైరస్ డీఎన్‌ఏ జొరబడటం పెరిగిందని 2012లో అదే బృందం ప్రచురించింది. తొడుగు కట్టుకుని బయటికి వెళ్లవలసిన వైరస్, లోపలే చిక్కుకుని క్రోమోజోములో భాగమైపోయే స్థితి అది. అలా జొరబడే క్రమంలో వైరస్‌లోని ఈ2 జన్యువు తరచుగా తెగిపోతుంది, అది అదుపులో ఉంచే క్యాన్సర్ కారక జన్యువులైన ఈ6, ఈ7లకు పగ్గం లేకుండా పోతుంది. ఆ తరువాత కణాన్ని క్యాన్సర్ నుంచి కాపాడే పీ53, ఆర్‌బీ ప్రొటీన్లను అవి నిర్వీర్యం చేస్తాయి.

ఇది విన్నవారు నన్ను వెంటనే అడిగేది ఫోలిక్ ఆమ్లం మాత్రల గురించి. ఎర్ర రక్తకణాల్లో ఫోలేట్ తక్కువగా ఉన్న స్త్రీలలో హెచ్‌పీవీ-16 వల్ల కలిగే ముప్పు ఎక్కువని 1992లో బటర్‌వర్త్ బృందం చూపింది. కానీ ముఖద్వారంలో అప్పటికే మార్పులు మొదలైన స్త్రీలకు మాత్రలు ఇచ్చి చేసిన నియంత్రిత పరీక్షలు ఆ మార్పులను వెనక్కి తిప్పలేకపోయాయి. ఈ రెంటిలో వైరుధ్యం ఉందని నేను అనుకోను. తెగిన డీఎన్‌ఏలో ఒకసారి కుదురుకున్న వైరస్ జన్యువును ఆ తరువాత అందిన ఫోలేట్ తొలగించలేదు. పైగా వేగంగా విభజన చెందే కణానికి అదే ఫోలేట్ ఆహారమవుతుంది కూడా. టీకా, క్రమం తప్పని పరీక్షలు చేసే పనిని మాత్ర చేయదు.

ఈ విషయంపై పని మొదలుపెట్టే విద్యార్థులకు నేను చెప్పేది ఒకటుంది. ద్రవంలో ఫోలిక్ ఆమ్లం వేయకపోవడంతో కొరత వచ్చేసినట్టు కాదు, ఎందుకంటే కణాల పెరుగుదల కోసం అందులో కలిపే సీరంలోనూ (జంతు రక్తం నుంచి తీసిన ద్రవంలోనూ) ఫోలేట్ ఉంటుంది. దాన్ని డయాలిసిస్‌తో తొలగించి, కణం లోపలి నిల్వలు కరిగేదాకా వారాల తరబడి పెంచాక గాని గ్రాహకాన్ని కొలవకూడదు.