సాలిస్‌బరీలో ఈ సాయంత్రం

"నాన్నా, మరి మన వినాయకుడి పాట పాడరా?" ఇంగ్లండ్‌లోని సాలిస్‌బరీ కేథడ్రల్లో, అంటే ఇక్కడి పెద్ద చర్చిలో, మా పాప గట్టిగానే అడిగేసింది. భాష అర్థం కాకపోయినా ముందు వరసలో పెద్దావిడ తిరిగి చూసి నవ్వింది.

ఇక్కడ ఆడపిల్లల కాయిర్ (చర్చిలో పాడే బృందం) 1991లోనే మొదలైందట. ఈ పిల్లలంతా చదివేది పక్కనే, ఒకప్పటి బిషప్ ప్యాలెస్‌లో ఉన్న స్కూల్లో. పొద్దున్నే బడికి ముందు ప్రాక్టీసు, సాయంత్రం ఈవెన్‌సాంగ్ అనే పాటల ప్రార్థన. మా ఇంట్లో ఏడింటికి పిల్లని లేపడమే ఓ యుద్ధం!

కాయిర్‌లో ఒక పాప షూ లేసు ఊడింది. పాట ఆపకుండానే రెండో కాలితో తొక్కిపట్టింది. నేనదే చూస్తూ కూర్చున్నా.

ఆ స్కూల్ ఫీజుల కాగితం నా కోటు జేబులోనే ఉంది. 2025 జనవరి నుంచి దాని మీద 20 శాతం వ్యాట్ పన్ను కూడా.

కారెక్కాక "ఏమంటావ్?" అంది మా ఆవిడ. వెనక సీట్లో పాప అప్పటికే ఆ ట్యూన్‌కి "గణేశా" కలిపి పాడేస్తోంది.