కొన్న రేటు బయటపడ్డాక రూట్లన్నీ మళ్ళీ రాశా

మాది పర్లాకిమిడి, ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు పక్కన. మావయ్యకి ఇక్కడ జీడిపప్పు షాపు, సరుకు పలాస నుంచి వస్తుంది, కస్టమర్లేమో సగం ఇటు కాశీనగర్, గుణుపురం వాళ్ళు, సగం అటు పాతపట్నం వాళ్ళు. ఫోన్లో ఆర్డర్లు రాసుకోలేక విసిగిపోయి యాప్ లాంటిదేదో చెయ్యరా అన్నాడు, నేను నోడ్‌లో (సర్వర్ మీద జావాస్క్రిప్ట్ నడిపేది) ఎక్స్‌ప్రెస్ అనే ఫ్రేమ్‌వర్క్ పెట్టి రెండు రాత్రుల్లో ఏపీఐ, అంటే యాప్ అడిగిన డేటా ఇచ్చే సర్వర్ భాగం, రాసిచ్చేశా.

ముందు చిన్న దెబ్బ. ఏ అడ్రస్ అడిగితే ఏ కోడ్ నడవాలో చెప్పేదే రూటు. నేను /ఆర్డర్స్/:ఐడీ (:ఐడీ చోట ఏ ఆర్డర్ నంబరైనా రావచ్చు) పైన రాసి, /ఆర్డర్స్/టుడే ఎక్కడో కింద రాశా. ఎక్స్‌ప్రెస్ రాసిన వరసలోనే చూసుకుంటూ వెళ్తుంది కదా, "టుడే" అనే నంబరున్న ఆర్డర్ కోసం డేటాబేస్‌లో వెతికి లేదు పొమ్మంది. లైన్లు పైకీ కిందకీ మార్చి వదిలేశా.

అసలు దెబ్బ రేట్ల లిస్టు దగ్గర. డేటాబేస్‌లోంచి వచ్చిన రో (ఒక సరుకు వివరాల వరస) ఉన్నదున్నట్టు జేసన్‌గా, అంటే పేరు-విలువ జతల టెక్స్ట్‌గా, పంపేశా, స్క్రీన్ మీద అమ్మే రేటే కనిపిస్తుంది కానీ లోపల కొన్న రేటు కూడా పోతోంది. పాతపట్నం కస్టమర్ ఒకాయన కొడుకు ఇంజనీరింగ్ అట, బ్రౌజర్‌లో సర్వర్ పంపినదంతా చూపించే నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి చూసేశాడు, మర్నాడు ఆ తండ్రి బేరం ఆడితే మావయ్యకి చెమటలు పట్టాయి. "ఏట్రా, నేనెంతకి కొన్నానో కూడా ఊరంతా చెప్పేస్తున్నావేటి?"

అప్పుడు ఎక్స్‌ప్రెస్ వదిలి ఫాస్టిఫై అనే ఇంకో నోడ్ ఫ్రేమ్‌వర్క్‌కి మారా. ఇందులో రూటుని ఒక ఆబ్జెక్ట్‌లా రాయొచ్చు, మెథడ్ (గెట్, పోస్ట్ లాంటివి), యూఆర్‌ఎల్, స్కీమా (డేటా ఎలా ఉండాలో చెప్పే నియమాలు), హ్యాండ్లర్ (అసలు పని చేసే ఫంక్షన్), అంతే. నేను అన్నిటినీ ఒక అర్రేలో పెట్టి లూప్‌లో రిజిస్టర్ చేస్తున్నా, ఫైల్ తెరిస్తే మావయ్య ఖాతా పుస్తకంలా ఉంటుంది, ఆయన కూడా ముందు గీతలు కొట్టి గడులు వేసుకున్నాకే అంకెలు రాస్తాడు. ఒకే మెథడ్, ఒకే యూఆర్‌ఎల్ పొరపాటున రెండుసార్లు రాస్తే సర్వర్ స్టార్ట్ అవ్వకుండానే ఎర్రర్ ఇచ్చేస్తుంది. టుడే గొడవ కూడా లేదు, ఏది ముందు రాసినా :ఐడీ కంటే టుడే లాంటి ఫిక్స్‌డ్ పేరుకే ముందు ఛాన్స్.

స్కీమా అంటే మామూలు జేసన్ స్కీమానే. ఆర్డర్ బాడీలో (యాప్ పంపే డేటాలో) కిలోలు నంబరు, సున్నా కంటే ఎక్కువ, రాష్ట్రం కోడ్ 21 గానీ 37 గానీ (జీఎస్టీలో ఒడిశా 21, ఆంధ్ర 37, మాకు ఇది ముఖ్యం ఎందుకంటే పాతపట్నం బిల్లు అయితే రాష్ట్రం దాటుతుంది కాబట్టి ఐజీఎస్టీ, గుణుపురం బిల్లు అయితే ఒడిశాలోనే కాబట్టి సీజీఎస్టీ ఎస్‌జీఎస్టీ). తప్పు డేటా వస్తే హ్యాండ్లర్ దాకా రాకుండా 400 (రిక్వెస్ట్ తప్పు అనే ఎర్రర్ కోడ్) వెళ్ళిపోతుంది. ఇంతకుముందు ఈ ఇఫ్‌లన్నీ ప్రతి హ్యాండ్లర్ మొదట్లో నేనే రాసేవాణ్ణి, ఒకచోట రాసి ఇంకోచోట మర్చిపోయేవాణ్ణి. రెస్పాన్స్‌కి కూడా స్కీమా ఇవ్వొచ్చు, అందులో పేరు, అమ్మే రేటు మాత్రమే రాశా, ఇప్పుడు హ్యాండ్లర్ మొత్తం రో ఇచ్చేసినా కొన్న రేటు బయటకి పోదు. ఇదొక్కటి చాలు నాకు.

హాపీలో కూడా రూట్లు ఇలా ఆబ్జెక్ట్‌లుగానే రాస్తారు, వాల్మార్ట్‌లో పుట్టిన ఫ్రేమ్‌వర్క్ అది, అక్కడ వ్యాలిడేషన్‌కి (డేటా సరిచూడ్డానికి) ఎక్కువగా జోయ్ అనే లైబ్రరీ వాడతారు. నాకు ఉట్టి జేసన్ స్కీమానే నచ్చింది, అదే స్కీమా నుంచి స్వాగర్ ప్లగిన్ ఏపీఐ డాక్యుమెంటేషన్ కూడా తయారుచేసిస్తుంది. అలాగని అన్నీ స్కీమాలో పట్టవు. గోడౌన్‌లో స్టాకుందా, ఈ కస్టమర్ పాత బాకీ ఎంత, ఇవి హ్యాండ్లర్‌లోనే చూడాలి, అవి కూడా అందులో దూర్చబోయి ఒక ఆదివారం తగలేశా.

మొన్న మావయ్య గ్రేడ్ కూడా చూపించమన్నాడు, 240, 320 అని (పప్పు సైజు నంబర్లు). టేబుల్‌లో కాలమ్ పెట్టా, క్వెరీలో పెట్టా, కన్సోల్‌లో కనిపిస్తోంది, యాప్‌లో మాత్రం రాదు. గంటసేపు క్యాష్‌ని తిట్టుకున్నా. చూస్తే రెస్పాన్స్ స్కీమాలో గ్రేడ్ రాయలేదు, కొన్న రేటుని ఆపినట్టే దాన్నీ చప్పుడు చెయ్యకుండా ఆపేసింది.